ఒక గంట వెల యెంత?

గడచిన జూను మాసమున, బడి తెరచిన వారములోనే, ఒక రైతు మా పాఠశాలకు వచ్చెను. ఆయన కుమార్తె మా వద్ద తెలుగు మాధ్యమమున ఎనిమిదవ తరగతి చదువుచున్నది. కూర్చుండుమన్నను కూర్చుండక, బల్ల యెదుట నిలుచుండియే తన మాట చెప్పెను.

“అయివారూ, తెలుగు ఇంట్లో మాట్లాడేదే కదా! బడిలో తెలుగుకు పొయ్యే గంటలు ఇంగ్లీషుకు ఇస్తే పాపకు రేపు అక్కరకొస్తాయి. ఇంగ్లీషు సెక్షనుకు మార్చేయండి.”

ఆ సెక్షనులో తెలుగు లేదు. ఆ సంగతి ఆయనకు తెలియును. ఆయన మాటలో తెలుగుపై ద్వేషము లేదు. బిడ్డపై ప్రేమయు, ముందు దినములను గూర్చిన భయమును మాత్రమే కలవు. నేను ఆనాడు తెలుగు ఉపాధ్యాయులందరును చెప్పు మాటలే చెప్పితిని. తల్లిభాష అంటిని, పెద్దల సొత్తు అంటిని. ఆయన మర్యాదగా వినెను. “ఆలోచించుకొని వస్తాను” అని చెప్పి పోయెను.

ఆయన పోయిన తరువాత నాకు సిగ్గు కలిగినది. ఆయన నన్ను అడిగినది ఒక లెక్క. ఒకచోట పెట్టు గంట వేరొకచోట ఎంత నష్టము తెచ్చును అనునదే ఆ లెక్క. లెక్క అడిగిన వానికి నేను ఉపన్యాసము చెప్పి పంపితిని. ఆ లెక్కకు దారి కొన్ని నెలల పిమ్మట అర్థశాస్త్రములో దొరికినది. దానిని ఆ తండ్రికిని, ఆయనవలె యోచించుచున్న తల్లిదండ్రులందరికిని, మన విద్యార్థులకును ఈ పత్రిక ద్వారా తెలుపగోరుచున్నాను.

అది దొరికిన విధము ఇది. మా బడిలో పదవ తరగతి ముగించి, ఇప్పుడు వేరొక బడిలో ఇంగ్లీషు మాధ్యమమున పదకొండవ తరగతి చదువుచున్న పూర్వ విద్యార్థిని యొకతె ఒక సాయంకాలము తన అర్థశాస్త్ర పుస్తకముతో నా వద్దకు వచ్చినది. అందులో ఒక వంపుగీత చూపి, “ఇందులో మాటలన్నీ తెలుసు సార్, విషయమే తెలియలేదు” అన్నది. నేను అర్థశాస్త్రము చదివినవాడను కాను. అయినను ఆ పాఠమును రెండుమారులు చదివి, నాకు తెలిసిన సేద్యపు మాటలలో ఆమెకు చెప్పితిని. ఆ గీత పేరు ఉత్పత్తి అవకాశ రేఖ.

అర్థశాస్త్రము ఒక చిన్న సత్యముతో మొదలగును. మనుష్యుని కోరికలు అనేకములు. వానిని తీర్చు వనరులు మితములు. భూమి, శ్రమ, యంత్రములు, కాలము, ఇవి యన్నియు కొలతకు లోబడినవే. అంతేకాదు, ఒకే వనరును పెక్కు పనులకు వాడవచ్చును. బావినీటిని రాగికి పారించవచ్చును, టమాటాకు పారించవచ్చును. పారిన నీటినే మరల రెండవదానికి పారించలేము. కనుక ఎంచుకొనక తప్పదు. లండను నగరమున అర్థశాస్త్రము బోధించిన లయొనెల్ రాబిన్సు 1932లో వెలువరించిన గ్రంథమున ఈ ఎంపికనే ఆ శాస్త్రమునకు నిర్వచనముగా చేసెను.

ఇక మన హోసూరు ప్రాంతమున నాలుగెకరముల సేద్యము గల కుటుంబము నొకదానిని ఊహింతము. వారు పండించునవి రెండే పంటలు, రాగియు టమాటాయు. ఈ అంకెలు ఉదాహరణ కొరకు నేను కల్పించినవి. ఉన్న నేలను, నీటిని, మనుష్యుల శ్రమను చక్కగా వాడుకొన్నచో, ఒక యేడు వారికి ఈ ఐదు మార్గములు కలవనుకొందము:

మొదటిది: రాగి 40 మూటలు, టమాటా ఏమియు లేదు.
రెండవది: రాగి 37 మూటలు, టమాటా 200 బాక్సులు.
మూడవది: రాగి 31 మూటలు, టమాటా 400 బాక్సులు.
నాల్గవది: రాగి 20 మూటలు, టమాటా 600 బాక్సులు.
ఐదవది: రాగి ఏమియు లేదు, టమాటా 800 బాక్సులు.

విద్యార్థులారా! ఒక కాగితము తీసికొని, అడుగున అడ్డముగా టమాటాను, ఎడమ ప్రక్క నిలువుగా రాగిని గుర్తింపుడు. ఈ ఐదింటికి ఐదు చుక్కలు పెట్టి కలుపుడు. వెలుపలికి ఉబ్బిన విల్లువంటి గీత ఏర్పడును. అదియే ఉత్పత్తి అవకాశ రేఖ. ఉన్న వనరులను, తెలిసిన పద్ధతులను పూర్తిగా వాడినచో ఎంతవరకు పోగలమో ఆ హద్దునే అది చూపును.

ఈ గీత మనకు నాలుగు సంగతులు చెప్పును. వానిని ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది వెలను గూర్చినది. మొదటి 200 బాక్సుల టమాటాకు ఆ కుటుంబము చెల్లించిన వెల యెంత? విత్తనమునకు, ఎరువునకు అయిన రూకలు మాత్రమే కాదు. అవి పండించుటకై వదలుకొన్న 3 మూటల రాగియే దాని అసలు వెల. దీనిని అవకాశ వ్యయము అందురు. ఒకటి పొందుటకై విడిచిన వానిలో మేలైనది ఏదియో, అదియే పొందినదాని వెల. నా జీవితములోనిదే ఒక ఉదాహరణ చెప్పెదను. ఇరువది యేండ్ల క్రిందట ఉపాధ్యాయ శిక్షణకై నేను పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమునకు పోయితిని. నాతో చదివిన మిత్రుడొకడు ఆ సమయముననే హోసూరు సిప్కాటులోని కర్మాగారమున పనికి చేరెను. నా చదువునకు అయిన ఖర్చు ఫీజు, పుస్తకములు అని మా నాయన లెక్కవేసెను. మా అమ్మ లెక్క వేరు. “వీడు పనికి పోయుంటే నెలనెలా వచ్చే జీతమూ పోయింది కదా” అనెను. మా అమ్మ బడికి పోలేదు. కాని అవకాశ వ్యయము ఆమెకు తెలిసినట్లు మా నాయనకు తెలియలేదు.

రెండవది గీత యొక్క వంపును గూర్చినది. మరల ఆ అంకెలను చూడుడు. మొదటి 200 బాక్సులకు 3 మూటల రాగి పోయినది. రెండవ 200 బాక్సులకు 6 మూటలు పోయినవి. మూడవమారు 11 పోయినవి. చివరి 200 బాక్సులకు 20 మూటలు పోయినవి. బాక్సుల సంఖ్య ఎప్పుడును 200లే. వెల మాత్రము పెరుగుచునే యున్నది. ఎందువలన? నేలయంతయు ఒకటే రకము కాదు గనుక. ముందుగా బావి ప్రక్క నేలలో టమాటా నాటుదురు. అక్కడ కొలది చోటనే చాల కాయలు కాయును, పోవు రాగి స్వల్పము. చివరకు రాళ్ల మెట్టలో కూడ టమాటాయే నాటవలసి వచ్చినప్పుడు, ఎక్కువ నేల మ్రింగి తక్కువ కాయలు ఇచ్చును. ఆ మెట్టయే రాగికైనచో చాలియుండెడిది. వనరులన్నియు అన్ని పనులకు సమానముగా తగినవి కానప్పుడు గీత ఇట్లు విల్లువలె వంగును. అన్నిటికి సమానముగా తగినవైనచో అది తిన్నని గీతయే అగును. వంపు చెప్పు నీతి ఒకటే: కొనలు ఖరీదైనవి. మొత్తము రాగి, లేదా మొత్తము టమాటా అని పట్టుపట్టువాడు చివరి అడుగునకు అన్నిటికంటె ఎక్కువ వెల చెల్లించును.

మూడవది గీతకు లోపలి చోటు. ఒక యేడు ఆ కుటుంబమునకు రాగి 20 మూటలు, టమాటా 400 బాక్సులు మాత్రమే వచ్చినవనుకొందము. ఆ చుక్క గీతపై పడదు, లోపల పడును. అనగా మోటారు చెడి నీరు పారకపోయియుండవచ్చును, కలుపు తీయకపోయియుండవచ్చును. ఇట్టి స్థితిలో ఒక మూట రాగియైనను వదలుకొనకయే మరి 200 బాక్సుల టమాటా పొందవచ్చును. మోటారు బాగుచేసికొనిన చాలును. గీతకు లోపలనున్నవానికి ఒకటి పెంచుటకు మరియొకటి తగ్గించనక్కరలేదు. 2020 మార్చి 25వ తేదీన దేశమంతటను లాక్‌డౌను విధించినప్పుడు సిప్కాటు కర్మాగారములు ఎట్లు మూతపడెనో మీకు జ్ఞాపకముండును. యంత్రములు ఉన్నవి, పనివారు ఉన్నారు, నేర్పు ఉన్నది, ఉత్పత్తి లేదు. హద్దు అక్కడనే యున్నది, మనము మాత్రము లోపలికి పడిపోయితిమి. 1933లో అమెరికా దేశమున పనివారిలో దాదాపు నాల్గవవంతు మందికి పని లేకుండెను. అప్పటి ఆ దేశమును గీతకు లోపలి చుక్కకు ఉదాహరణముగా చూపుదురు.

నాల్గవది గీత కదలిక. రాగి 37 మూటలు, టమాటా 600 బాక్సులు కావలెనని ఆ కుటుంబము కోరినచో, ఈ యేడు అది అసాధ్యము. ఆ చుక్క గీతకు ఆవల నున్నది. కాని వారు డ్రిప్పు గొట్టములు వేసికొని, మేలైన నారు తెచ్చుకొన్నచో, పై యేటికి గీతయే వెలుపలికి జరుగును. డ్రిప్పు టమాటాకు మాత్రమే వేసినచో టమాటా వైపు కొన ఎక్కువ జరుగును, రాగి కొన 40 వద్దనే నిలుచును. అయినను మునుపటియంత టమాటాను తక్కువ నేలలోనే పండించవచ్చును గనుక, మిగిలిన నేల రాగికి దక్కును. ఒకదానిలో కలిగిన అభివృద్ధి రెండవదానికి కూడ చోటిచ్చును. ఈ సంగతి మరువకుడు. దీనితో మనకు ముందు పని కలదు.

ఈ గీత ఒక పొలము కొరకు పుట్టినది కాదు. ఆస్ట్రియా దేశస్థుడైన గాట్‌ఫ్రీడ్ హాబర్లరు 1930 ప్రాంతమున దేశముల నడుమ జరుగు వర్తకమును వివరించుటకు దీనిని వాడెను. అమెరికా ఆచార్యుడు పాల్ సామ్యుయెల్‌సను 1948లో ప్రకటించిన పాఠ్యగ్రంథమున తుపాకులు, వెన్న అను రెండు వస్తువులతో దీనిని చూపగా, అది లోకమంతటను తరగతి గదులకు చేరినది. ఆ ఉదాహరణము వట్టి ఊహ కాదు. రెండవ ప్రపంచ యుద్ధమున, 1942 ఫిబ్రవరిలో, అమెరికాలో ప్రజల కొరకు కార్లు చేయుట ఆపివేసిరి. ఆ కర్మాగారములే యుద్ధమునకు కావలసిన వాహనములను, విమానముల భాగములను చేయసాగెను. మరల ప్రజల కార్లు 1945లో గాని రాలేదు.

మన దేశమున కూడ ఈ ఎంపిక జరిగినది. 1956లో మొదలైన రెండవ పంచవర్ష ప్రణాళికకు ఆచార్య మహలనోబిసు రూపకల్పన చేసెను. నేడు తినుటకు, కట్టుటకు ఉపయోగించు వస్తువులకంటె, రేపటి ఉత్పత్తిని పెంచు ఉక్కు, యంత్రములు మొదలగువానికి ఆ ప్రణాళిక పెద్దపీట వేసినది. భిలాయి, రూర్కెలా, దుర్గాపురము ఉక్కు కర్మాగారములు ఆ కాలపువే. నేటి భోగమును కొంత తగ్గించుకొని రేపటి హద్దును పెంచుకొనుట అందలి ఉద్దేశము. ఆ మార్గమునకు కూడ వెల తప్పలేదు. వ్యవసాయమునకు తగినంత అందలేదని విమర్శ వచ్చినది. 1960 దశకము నడుమ ధాన్యమునకై అమెరికా ఓడలకు ఎదురుచూడవలసి వచ్చినది. పిమ్మట 1966లో ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్.8 అను వరి వంగడమును విడుదల చేసెను. మరుసటి యేడు పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు దానిని తన పొలమున పండించి పేరు పొందెను. నేల అంతయే, నీరు, ఎరువు తగినట్లు అందించినచో గింజ మాత్రము మునుపటికంటె మిక్కిలి ఎక్కువ. ఒక విత్తనము హద్దునే జరపగలదని ఆనాడు తెలుగు రైతు కన్నులార చూచెను.

ఇప్పుడు జూను మాసమున వచ్చిన ఆ తండ్రి ప్రశ్నకు వత్తును. పొలమునకు బదులు ఆయన కుమార్తె దినమును తీసికొందము. ఒక ప్రక్క తెలుగు, ఒక ప్రక్క ఇంగ్లీషు. ఆమెకు ఉన్న వనరు కాలము. ఆయన వాదము గీతపై ఇట్లుండును: తెలుగును సున్నకు తెచ్చినచో ఇంగ్లీషు పెరుగును. ఈ వాదమును నేను కొట్టివేయను. కాలము మితమన్నది నిజము. తెలుగునకు వెల లేదని చెప్పు ఉపాధ్యాయుడు సత్యము చెప్పుటలేదు. పరీక్ష వారమున తెలుగు చదువుకొను రాత్రి గణితమునకు దక్కదు. ఇంగ్లీషు లేక పై చదువులు కష్టము. ఈ నేలపై బ్రతుకువారికి తమిళము బావినీరు వంటిది. పాఠశాలలలో తమిళ బోధనకై రాష్ట్రమున 2006లో చట్టము వచ్చినది. చట్టము లేకున్నను మన పిల్లలు తమిళమును చక్కగా నేర్వవలసినదే. ఇవన్నియు ఒప్పుకొనియే నేను మూడు ప్రశ్నలు అడుగుచున్నాను.

మొదటి ప్రశ్న: ఆ పాప ఇప్పుడు గీతపై ఉన్నదా, లోపల ఉన్నదా? సాయంకాలము బస్సు కొరకు కాచుకొను ముప్పావుగంట ఎటు పోవుచున్నది? రాత్రి ఫోను చేతబట్టుకొని గడపు గంట ఎటు పోవుచున్నది? తెలియక కంఠస్థము చేసి, పరీక్ష మరునాడే మరచిపోవు పుటలకు ఎన్ని గంటలు పోవుచున్నవి? ఇవి మోటారు చెడిన బావి వంటివి. ఇంగ్లీషు పెరుగవలెనన్నచో ముందు ఈ మోటారును బాగుచేయవలెను. లోపలి చుక్కవద్ద నిలుచుండి, తెలుగును తీసివేసిననే గాని ఇంగ్లీషు రాదనుట పొరపాటు. తెలుగు గంటలను తీసివేసినను ఆ చెడిన మోటారు చెడియే యుండును.

ఇక్కడ నా తప్పును కూడ చెప్పుకొందును. తెలుగు గంటలో నేను ప్రశ్నలకు జవాబులు బల్లపై వ్రాసి, పిల్లలచేత ఎక్కించి, గంట గడిపిన దినములు కలవు. ఆ దినములలో నా తరగతియే గీతకు లోపల పడియున్నది. ఆ గంట వృథాయని తండ్రి అన్నచో దోషము భాషది కాదు, నాది. మీ బిడ్డ గంటను మేము అడుగుచున్నాము గనుక, దాని వెలకు తగినది ఇచ్చుట మా విధి. ఇయ్యనిచో అడుగుడు, అడుగు హక్కు మీకు కలదు.

రెండవ ప్రశ్న: మీరు జరుగగోరునది గీత నడుమకా, కొనకా? ఇంగ్లీషునకు మరి రెండు గంటలు కావలెనన్నచో నేను అడ్డుపడను. ఇంగ్లీషు సరిగా రాని తెలుగు మాధ్యమపు విద్యార్థి కూడ ఒక కొనయందే నిలిచియున్నాడు. ఆ కొనయు ఖరీదైనదే. కాని తెలుగును సున్నకు తెచ్చుట రెండవ కొనకు పోవుట. చదువులో మొదటి గంటలు ఇచ్చు ఫలము ఎక్కువ, కడపటి గంటలు ఇచ్చు ఫలము తక్కువ. వారమునకు తెలుగు గంటలు రెండు మిగిలినను బిడ్డ చదువగలదు, వ్రాయగలదు, ఉత్తరము కూర్చగలదు. ఆ రెండింటిని కూడ తీసి, ఇదివరకే చాల గంటలున్న ఇంగ్లీషునకు చేర్చినచో, అక్కడ పెరుగునది స్వల్పము, ఇక్కడ పోవునది సమస్తము. రాళ్ల మెట్టలో టమాటా నాటి 20 మూటల రాగిని పోగొట్టుకొనుట ఇదియే. “ఇంట్లో మాట్లాడేదే కదా” అను మాట నిజమే. ఇల్లు మాటను నేర్పును. చదువను వ్రాయను నేర్పునది బడి. అవ్వ మాటాడు తెలుగు మనుమరాలికి తెలిసియు, అవ్వ దాచిన పాత పత్రముపై నున్న అక్షరము తెలియని ఇండ్లు మన యూళ్లలో ఇప్పటికే కలవు.

మూడవ ప్రశ్న: ఏ గంట విత్తనము, ఏ గంట భోజనము? అన్ని గంటలును ఒకటి కావు. కొన్ని గంటలు ఆనాటి మార్కులకు సరిపోవును. కొన్ని గంటలు రేపటి హద్దును జరుపును. తనకు బాగుగా తెలిసిన భాషలో ఒక విషయమును నిలిపి యోచించుట, దానిని తన మాటలలో తిరిగి చెప్పుట నేర్చిన బిడ్డ ఆ బలమును అన్ని పాఠములకు తీసికొనిపోవును. పిల్లలకు మాతృభాషలో బోధించుటయే మేలని యునెస్కో 1953లోనే ఒక నివేదికలో అభిప్రాయపడినది. నాకు మాత్రము ఆ సాయంకాలపు అనుభవము చాలును. రాగి, టమాటాల లెక్క విన్న పిమ్మట ఆ పూర్వ విద్యార్థిని తన ఇంగ్లీషు పుస్తకమునే తెరచి, అదే పుటను చదివి, ప్రతి వాక్యమునకు తలయూపుచు పోయినది. ఆమెకు ఇంగ్లీషు పాఠము తెలిసినది తెలుగు ద్వారముననే. ఒక్క బిడ్డ అనుభవము శాస్త్రమునకు రుజువు కాదని నేనెరుగుదును. అయినను, తెలుగునకు ఇచ్చిన గంట ఇంగ్లీషు గంటను మ్రింగుననువారు ఈ సంగతిని కూడ తమ లెక్కలో వేసికొనవలెను.

ఇంతకు రాగియు టమాటాయు నేల కొరకు పోటీపడునవి. కాని మన పెద్దలు రాగి చేనిలో సాళ్లుగా అనుములు కూడ విత్తెడివారు, ఇప్పటికిని విత్తువారు కలరు. అనుములు నేలకు సత్తువ చేర్చును, ఇంటికి కూర ఇచ్చును. భాషలు కొంతవరకు రాగి, టమాటాలవలె పోటీపడును, కొంతవరకు రాగి, అనుములవలె తోడుపడును. ఎంతవరకు పోటీ, ఎంతవరకు తోడు అని చూచుటయే వివేకము. మొత్తము పోటీయేయని తలచువారు పొరపడుదురు; పోటీయే లేదని చెప్పు నావంటి ఉపాధ్యాయులును పొరపడుదురు.

ఒక మాట ఈ గీత చెప్పదు. గీతపై ఏ చుక్క మేలో అది ఎన్నడును చెప్పదు. 37 మూటలు, 200 బాక్సులు మేలా, 20 మూటలు, 600 బాక్సులు మేలా అను నిర్ణయము ఆ కుటుంబముదే. వారి ఇంట ఎందరు తినువారో, సంతలో ధర యెట్లున్నదో వారికే తెలియును. అట్లే, బిడ్డ దినమును ఎట్లు పంచవలెనను తీర్పు తల్లిదండ్రులది. ఆ అధికారమును నేను కోరను. లెక్క మాత్రము పూర్తిగా వేయుడని కోరుదును.

ఆ లెక్కలో చేర్చవలసిన పద్దు మరొకటి కలదు. అది ఒక్క ఇంటిది కాదు. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధించు వసతి కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమునకు 350-ఎ అధికరణము చేర్చబడినది. కాని వసతి కాగితముపై నిలిచినంత మాత్రమున తరగతి నిలువదు; పిల్లలున్ననే తరగతి యుండును, తరగతియున్ననే ఉపాధ్యాయుడుండును. ఒక్కొక్క తండ్రియు తన బిడ్డ ఒక్కతెయే కదాయని తీసికొనిపోవును. అందరును అట్లే యనుకొన్ననాడు తరగతి మూతపడును. బీడుపడిన నేలను మరుసటి వానకు దున్నవచ్చును. పోయిన ఉపాధ్యాయ స్థానము మరల వచ్చుట అంత సులభము కాదు. ఆ దినమున, తెలుగు కావలెనను కుటుంబమునకు కూడ ఎంచుకొను అవకాశము మిగులదు. గీతపై నొక చుక్కను వదలుట వేరు, గీతనే చిన్నది చేసికొనుట వేరు.

విద్యార్థులారా! ఈ ఆదివారము మీ మీ దినమునకు ఇట్టి గీత యొకటి గీసికొనుడు. ఏ గంట ఎటు పోవుచున్నదో నిజాయితీగా వ్రాయుడు. మీరు గీతపై ఉన్నారో, లోపల ఉన్నారో మీకే తెలియును. లోపల ఉన్నచో ఏ భాషను నిందింపకుడు. గీతపై ఉన్నచో అమ్మానాన్నలకు చూపి, వారితో కూర్చుండి మాటాడుడు.

ఆ తండ్రి ఇంకను తిరిగి రాలేదు. ఆయన కుమార్తె ఈ యేడు మా తరగతిలోనే యున్నది. జూను మరల వచ్చును. ఆయన వచ్చినప్పుడు ఉపన్యాసము చెప్పను. ఒక కాగితము పరచి, రాగిని ఒక ప్రక్క, టమాటాను ఒక ప్రక్క గుర్తించి, ఆయన చేతికే పెన్సిలు ఇత్తును. నాలుగెకరములు దున్నిన చేయి అది. గీత ఎక్కడ వంగునో నాకంటె ఆయనకే బాగుగా తెలియును. పిమ్మట ఆయన ఏమి నిర్ణయించినను, లెక్క తెలిసి నిర్ణయించినట్లగును. నా కోరిక అంతమాత్రమే.